యజమాని మాట్లాడితే ముందుచూపు, ఉద్యోగి మాట్లాడితే నేరమా?

ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్ సొంత పేరుతో, ఆఫీసు పని ముగించుకున్నాక, తన ఫోన్‌లో తన అభిప్రాయాలు రాసుకున్నారు. డేటా సెంటర్‌కు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారని అడిగారు. విదేశీ కంపెనీలకు 2047 దాకా పన్ను మినహాయింపు దేనికన్నారు. కొత్త ఆదాయపు పన్ను చట్టాన్ని, సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణను, అమెరికా హెచ్‌-1బీ ఉద్యోగ వీసా ఫీజు విషయంలో ఢిల్లీ మెతక వైఖరిని తప్పుపట్టారు. బదులుగా అమెరికా క్లౌడ్ కంపెనీల మీద పన్ను వేయాలన్నారు. అంతే. విశాఖ రుషికొండలో ఆయన పనిచేసే సంస్థ హెచ్‌ఆర్ విభాగం పిలిచి, రాసినవన్నీ తీసేసి క్షమాపణ పత్రం ఇమ్మంది. బయట ఇంకో గుంపు బయల్దేరింది. కోడ్ రాసుకునేవాడికి దేశం సంగతులెందుకని తిట్లు, కేసు పెట్టిస్తామని బెదిరింపులు. ఊళ్లో అందరి నోటా నలుగుతున్న విషయమే కనుక మిగతా వివరాలు పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

క్షమాపణ అడగడమే దారుణం. అంతకన్నా దారుణమైన సంగతి ఇంకొకటుంది. ఆ డెవలపర్ నోరెత్తకూడదంటున్న ఇవే విషయాల మీద పరిశ్రమ పెద్దలు రోజూ మాట్లాడుతున్నారు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటలన్నారు, ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారిస్తున్నానన్నారు. ఆ మాటలు నచ్చినవాళ్లున్నారు, మండిపడినవాళ్లున్నారు. కానీ వాళ్లిద్దరినీ ఏ హెచ్‌ఆర్ విభాగమూ పిలిచి మాటలు వెనక్కి తీసుకోమనలేదు. బడ్జెట్ రోజు ఏ టీవీ పెట్టినా పారిశ్రామికవేత్తలే కూర్చుని పన్నుల మీద తీర్పులిస్తుంటారు. అమెరికా సుంకాలు వేస్తే భారత్ ఏం చేయాలో సలహాలిచ్చేదీ వాళ్లే. యజమాని చెబితే దాన్ని ముందుచూపు అంటున్నారు. నెల జీతగాడు చెబితే క్రమశిక్షణ తప్పినట్టట. ఈ రెండు నాల్కల ధోరణిని మేము ఒప్పుకోం.

సంస్థకు క్లయింట్లుంటారు, పరువుంటుంది, ఉద్యోగి మాటను సంస్థ మాటగా పొరబడే ప్రమాదముంది అనే వాదన ఉంది. రహస్యాలు బయటపెడితే చర్య తీసుకోవచ్చు, దాన్ని ఎవరూ కాదనరు. ఈయన రాసినదాంట్లో సంస్థ పేరే లేదు. భావప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ ప్రధానంగా కట్టడి చేసేది ప్రభుత్వాన్నే, ప్రైవేటు కంపెనీని కాదన్నదీ నిజమే. చట్టానికి చిక్కనంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

ముందుగా పన్నుల సంగతి చూద్దాం, ఎక్కువ గొడవ దాని మీదే కాబట్టి. ఉద్యోగి జీతం చేతికి రాకముందే టీడీఎస్ కోత పడుతుంది. కొత్త విధానంలో ఆదాయం 24 లక్షలు దాటితే ఆపై సొమ్ము మీద 30 శాతం. రాష్ట్రానికి వృత్తి పన్ను నెలకు 200. ఖర్చు పెట్టే రూపాయి మీద జీఎస్టీ వేరు. అతనికి ఆడిటర్ల సైన్యం లేదు, వాయిదాలు లేవు, రాయితీల కోసం మంత్రిని కలిసే వీలు లేదు. మరోవైపు చూడండి. భారత్‌లోని డేటా సెంటర్ల నుంచి ప్రపంచానికి క్లౌడ్ సేవలందించే విదేశీ కంపెనీలకు 2047 వరకు పన్ను మినహాయింపు ఇస్తామని 2026 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో ప్రకటించారు. విదేశీ కంపెనీల ఆన్‌లైన్ ప్రకటనల ఆదాయం మీద ఉన్న 6 శాతం పన్ను, ఈక్వలైజేషన్ లెవీని 2025 ఏప్రిల్ 1 నుంచే ఎత్తేశారు. మన ఊళ్లోనే రుషికొండ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు 22 ఎకరాలు 99 పైసల ధరకు ఇచ్చారు. ఒకరు 12 వేల ఉద్యోగాలు, మరొకరు 8 వేల ఉద్యోగాలు ఇస్తామన్నారు.

ఆ కేటాయింపులను ఈ పత్రిక వ్యతిరేకించలేదు. ఇక్కడి ఇంజినీరింగ్ పట్టభద్రులు ఏళ్ల తరబడి బెంగళూరు, హైదరాబాద్ బస్సులెక్కుతున్నారు, ఉద్యోగాలు ఇక్కడికి రావాల్సిందే. అయితే రాయితీ ఇచ్చేది ఖజానా నుంచి, ఖజానాలోకి వచ్చేది ఆ డెవలపర్‌లాంటి వాళ్ల జీతాల నుంచి. ఎంత ఇస్తున్నారు, ఎన్నేళ్లు ఇస్తున్నారు, బదులుగా ఏం రాబడుతున్నారు అని అడిగే హక్కు అందరికన్నా ముందు పన్ను కట్టేవాడిదే. గూగుల్‌కు ఆంధ్రప్రదేశ్ 22 వేల కోట్ల రాయితీలిస్తోందని కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శిస్తే మన ఐటీ మంత్రి లోకేశ్ వెంటనే జవాబిచ్చారు. రాజకీయ చర్చ అలాగే సాగాలి. పక్క రాష్ట్రం మంత్రి అడిగితే జవాబు దొరికింది. ఇదే ఊళ్లో పన్ను కడుతున్న మనిషి అడిగితే మాత్రం క్షమాపణ పత్రం రాయమంటున్నారు.

నీళ్ల ప్రశ్నకైతే ఇంకా గట్టి జవాబు కావాలి. 2025 అక్టోబర్ 14న కుదిరిన గూగుల్ ఒప్పందం చిన్నది కాదు. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్. అది వచ్చే తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు. ఆ స్థాయిలో సర్వర్లు నడిస్తే పుట్టే వేడిని చల్లార్చాలి, అందుకు కరెంటో నీళ్లో, చాలాచోట్ల రెండూ కావాలి. ఇది కంప్యూటర్లతో రోజూ పనిచేసేవాడికి తెలిసినంతగా మిగతావాళ్లకు తెలియదు. ఈ నగరం తాగేది ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ నీళ్లు. ఎండలు ముదిరితే ట్యాంకర్ల కోసం ఫోన్లు చేసే కాలనీలు మధురవాడలో ఎన్నో ఉన్నాయి. వీటిలో ఏ జలాశయం నుంచి తీసుకుంటారు, రోజుకు ఎంత, శుద్ధి చేసిన మురుగునీరు వాడతారా, సముద్రపు నీటిని మార్చుకుంటారా? డెవలపర్ అడిగింది ఇదే. జవాబుంటే అంకెలతో చెప్పాలి. అడిగినవాడిని అభివృద్ధి ద్రోహి అంటే జనం అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

చట్టాల మీద అతనికేం తెలుసంటున్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను చట్టం సోదాల పరిధిలోకి 'వర్చువల్ డిజిటల్ స్పేస్'ను తెచ్చింది. అంటే ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు, క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్లు. పాస్‌వర్డ్ ఇవ్వకపోతే దాన్ని దాటుకుని లోపలికి వెళ్లే అధికారం సోదా అధికారికి ఇచ్చింది. ఆచరణలో అది ఎంత దూరం వెళ్తుందో, ఒక్కరి ఖాతా తెరిస్తే ఎంతమంది సంభాషణలు బయటపడతాయో వివరించగలిగింది ఆ వ్యవస్థలు కట్టినవాళ్లే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని ద్వారా సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే 8(1)(జె)కి చేసిన సవరణ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారమనే పేరుతో ప్రజలకు తెలియాల్సినవీ దాచేయొచ్చన్న భయం జర్నలిస్టులుగా మాకూ ఉంది. అదే మాట ఆయనా రాశారు.

డెవలపర్లు నోరు విప్పినందువల్ల ఈ దేశానికి జరిగిన మేలు మరిచిపోయినట్టున్నారు. సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ల తలుపు తెరిచే నిబంధనను 2004 డిసెంబర్ ఆర్డినెన్స్‌లో పెట్టారు. ప్రోగ్రామర్లు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2005లో పార్లమెంటు ఆమోదించిన సవరణలో ఆ నిబంధన లేదు. ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ వచ్చినప్పుడు, ఇంటర్నెట్‌లో కొన్ని సైట్లు ఉచితమై మిగతావి డబ్బుకైతే చిన్న కంపెనీ పుట్టకముందే చస్తుందని మొదట పసిగట్టినవారిలో ఇంజినీర్లున్నారు. నెట్ సమానత్వం కోసం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు లక్షల ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆ తేడా ధరలను నిషేధించింది. ఈ రోజు మన స్టార్టప్‌ల గురించి గొప్పలు చెప్పుకునే నాయకులు, ఆ నేల చదును చేసినవారిలో ఇలాంటి ఉద్యోగులు ఉన్నారని తెలుసుకోవాలి.

విదేశాంగ విధానం మీద మాట్లాడటమే అన్నిటికన్నా పెద్ద తప్పన్నట్టు చూస్తున్నారు. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించిన రాత్రి ఎవరి ఇళ్లలో నిద్రలేదు? సెలవుకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లగలరో లేదోనని ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, గాజువాకలో తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ మేము చూశాం. అంతకు ముందు ఆగస్టు 27 నుంచి 50 శాతం సుంకం పడితే, విశాఖ రేవు నుంచి వెళ్లే రొయ్యల ధర భీమవరం చెరువు గట్టు మీద పడిపోయింది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ ఊరి ఎదుటి సముద్రంలోనే, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్నదీ ఇక్కడే. ఈ ఊరివాడికి విదేశాంగ విధానం అక్కర్లేదంటే ఇంకెవరికి అవసరం?

ఆయన చెప్పిన ప్రతి మాటతోనూ మేము ఏకీభవించం. అమెరికా క్లౌడ్ కంపెనీల మీద ప్రతీకార పన్ను వేయాలన్న సూచన సరైంది కాదు. ఆ భారం ముందుగా మోసేది ఆ సేవలు కొనుక్కునే మన చిన్న స్టార్టప్‌లే. ఇలా వాదించుకుంటేనే చర్చ నడుస్తుంది.

పార్టీల తీరు ఇంకా ఘోరం. 2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు అరెస్టయినప్పుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు. ఆనాడు వాళ్ల మాట తెలుగుదేశానికి ప్రజల గుండెచప్పుడు. ఈనాడు ఐటీ ఉద్యోగే రాయితీల లెక్క అడిగితే ఆ పార్టీ అభిమానులమని చెప్పుకునేవాళ్లే కేసులంటున్నారు. భావప్రకటన స్వేచ్ఛ అని ఇప్పుడు గొంతు చించుకుంటున్న వైఎస్సార్సీపీ ఏం చేసింది? మాస్కులు లేవన్న నర్సీపట్నం ప్రభుత్వ వైద్యుడిని 2020లో సస్పెండ్ చేసింది. అదే ఏడాది మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకై 12 మంది చనిపోతే, దాని మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పంచుకున్న గుంటూరు వృద్ధురాలి మీద సీఐడీ కేసు పెట్టింది. 2024 నవంబర్ నుంచి సోషల్ మీడియా పోస్టుల మీద ఇప్పటి కూటమి ప్రభుత్వం పెట్టిన కేసుల వరుస అందరికీ తెలిసిందే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్వేచ్ఛ గుర్తొస్తుంది, కుర్చీ ఎక్కగానే అదే స్వేచ్ఛ నేరంగా కనిపిస్తుంది. పార్టీ ఏదైనా ఈ కపటంలో తేడా లేదు.

కేసు పెట్టిస్తామని అరిచేవాళ్లు కాస్త చట్టం చదవాలి. ఆన్‌లైన్ రాతలకు జైలు శిక్ష వేసే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా పోలీసులు దాన్ని వాడుతూనే ఉంటే 2022లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. మాటలకు, రాతలకు సంబంధించి మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఆరోపణలొస్తే ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం తగునని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. విశాఖ పోలీసులు ఆ తీర్పు దగ్గర పెట్టుకుని, ఇలాంటి ఫిర్యాదు పట్టుకొచ్చినవాడిని గేటు దగ్గర నుంచే తిప్పి పంపాలి.

ఐటీ శాఖ మంత్రి కూడా మౌనం వీడాలి. విశాఖను ఐటీ రాజధాని చేస్తామని వేదికల మీద చెప్పేవారు, ఆ రాజధానిలో పనిచేసే మనిషి నోరు కట్టేస్తుంటే చూస్తూ ఊరుకోవడం తగదు. రాయితీలు పొందే సంస్థలు ఉద్యోగుల సొంత అభిప్రాయాల జోలికి వెళ్లకూడదన్న షరతును ఒప్పందాల్లో చేర్చాలి. ప్రజల భూమి తీసుకున్నవాళ్లకు ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

ఇక ఆ సంస్థకు. క్షమాపణ కోరుతూ ఇచ్చిన నోటీసును ఈ వారమే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. మీ ఉద్యోగి రాసింది తప్పనిపిస్తే మీ అధినేత పేరుతో జవాబు పంపండి, ఇదే పేజీలో ఒక్క అక్షరం కొయ్యకుండా అచ్చేస్తాం. దానికి ధైర్యం చాలకపోతే, నెల జీతం మీద బతికేవాడిని గదిలోకి పిలిచి బెదిరించే పని మానుకోండి.