నడిగడ్డ చదువు విత్తన ప్యాకెట్ ధరలో చిక్కుకుంది

ఇరవై, పాతిక ఎకరాల్లో ఇంటిగ్రేటెడ్ గురుకులాలు కడతామంటున్నారు. కట్టనివ్వండి. మన ఊరు-మన బడి చూశాం, అమ్మ ఆదర్శ పాఠశాల చూశాం. గోడలకు రంగులు పడ్డాయి, బల్లలొచ్చాయి. కానీ మా నడిగడ్డకు, అంటే జోగులాంబ గద్వాల జిల్లాకు వచ్చి, గట్టు, మల్దకల్, అయిజ, కేటీ దొడ్డి మండలాల వైపు వెళ్లి ఆగస్టు హాజరు పట్టీ తెరవండి. ఆ బల్లల మీద ఉండాల్సిన పిల్లల్లో ఎందరో సీడ్ పత్తి చేలల్లో, అంటే కంపెనీలకు విత్తనం కోసం పత్తి పండించే చేలల్లో ఉంటారు.

ఆ చేలల్లో చేసే క్రాసింగ్ అంటే ఏమిటో పాఠ్యప్రణాళికలు రాసేవాళ్లకు ఎవరైనా ఒకసారి చూపించాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే పట్టుకుని పుప్పొడి భాగం గిల్లేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి అద్దాలి. చేనంతా, ఒక్కో పువ్వుకూ, చేత్తోనే. దాదాపు రెండు నెలలు ఒక్కరోజు కూడా మానడానికి లేదు. గిల్లని మొగ్గ తన పుప్పొడితో తానే కాయ కడితే విత్తనం కల్తీ అయినట్టే.

రైతు పెట్టుబడిలో సింహభాగం ఈ కూలికే పోతుంది. నెత్తిన ఆర్గనైజర్, అంటే కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే దళారి, ఇచ్చిన అడ్వాన్సు, దాని వడ్డీ. ప్యాకెట్‌కు ఎంతన్నది కంపెనీ చెప్పిందే లెక్క. జీవోటీ, అంటే విత్తనం నాటి స్వచ్ఛత చూసే పరీక్ష, ఫలితం తేలేదాకా పూర్తి డబ్బు చేతికి రాదు, ఫెయిలైతే గొడవే. ఇలాంటివాడు ఖర్చు ఎక్కడ తగ్గించుకుంటాడు? ఎరువు ధర తన చేతిలో లేదు, వడ్డీ అసలే లేదు. మిగిలింది కూలి. పెద్దవాళ్ల కంటే పిల్లలు చవక. అదీ కుదరకపోతే ఇంట్లో కూతురుంది.

పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు 2015లో వచ్చింది. బీజీ-2 రకం బీటీ పత్తి విత్తన ప్యాకెట్ దుకాణంలో ఎంతకు మించి అమ్మకూడదో ఏటా కేంద్రం చెబుతుంది. 2024-25కు 864 రూపాయలు. మరి ఆ గింజ పండించిన రైతుకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలనే ఉత్తర్వు ఏదీ? 1966 నాటి విత్తన చట్టం మొలక శాతం అడుగుతుంది, స్వచ్ఛత అడుగుతుంది. పండించినవాడికి ఏం ముట్టిందని అడగదు.

తల్లిదండ్రుల్లో చైతన్యం లేదు, నాలుగు కేసులు పెడితే దారికొస్తారు అనేవాళ్లున్నారు. తనిఖీల వల్ల కొందరు పిల్లలు బడికొచ్చిన మాట నిజమే. కానీ 2016లో సవరించిన బాలకార్మిక చట్టం బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడొచ్చంటోంది. పద్నాలుగు నిండితే ప్రమాదకర పనులు మాత్రమే నిషిద్ధం. విద్యాహక్కు చట్టమూ అదే వయసు దగ్గర ఆగిపోయింది. తొమ్మిదో తరగతిలో మానేసిన అమ్మాయిని ఏ కేసు వెనక్కి తెస్తుంది?

నడిగడ్డ ఒకప్పుడు భాగమైన పాలమూరుకు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు, ఇది కొత్త కాదు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసింది పాలమూరు లేబరే. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అట్టడుగు. కరవు వల్లే అని సరిపెట్టుకున్నాం, నీళ్లొస్తే చదువొస్తుందనుకున్నాం. జూరాల వచ్చింది, నెట్టెంపాడు వచ్చింది. తడి ఉన్న చేలోకి సీడ్ పత్తి వచ్చింది. ఇప్పుడు దేశానికి మనం విత్తన భాండాగారమట! ఆ భాండం ఎవరి నెత్తిన ఉందో మాత్రం అడగకూడదు.

పెద్దవాళ్ల పూర్తి కూలి లెక్కగట్టి, విత్తు పడకముందే కలెక్టర్ ఎదుట ధర కాగితం మీద పెట్టించాలి. పదో తరగతి ఫలితాలు తగ్గాయని ఏటా హెడ్మాస్టర్లను నిలబెట్టి అడుగుతారు కదా, ఈసారి ఆ సమీక్షకు సీడ్ కంపెనీలవాళ్లనూ పిలవండి. ఆగస్టు హాజరు పట్టీ వాళ్ల ముందు పెట్టండి.