ఎవరు గెలుస్తారో తర్వాత, ముందు బయటికి దారెక్కడో చెప్పండి

ఇప్పుడే ఇంకో జోస్యం వీడియో వచ్చి పడింది టైమ్‌లైన్ మీద. "రాబోయే మూడేళ్లలో ఐఫోనా, ఆండ్రాయిడా? మిగిలేది ఒక్కటే!" కెమెరా, చిప్పు, మడత ఫోన్లు, ఏఐ, స్మార్ట్ కళ్ళజోళ్లు అన్నీ తిరగేసి, చివర్లో ఢమఢమ మ్యూజిక్ పెట్టి ఒక లోగో చూపించి సెలవు తీసుకున్నాడు మహానుభావుడు. కింద కామెంట్లలో రెండు లోగోల భక్తులూ జుట్లు పట్టుకున్నారు. దీనికంటే చిలక జోస్యం నయం, చిలకకి స్పాన్సర్ ఉండడు.

కొట్టుకునేవాళ్లు కాస్త ఆగి ఒక లెక్క చూడండి. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్లో ఏం వెతికినా ముందు గూగులే రావాలి, అదీ ఒప్పందం. దానికోసం ఒక్క 2022లోనే గూగుల్ ఆపిల్‌కి కట్టింది 2,000 కోట్ల డాలర్లు. గూగుల్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసు కాగితాల్లో బయటపడ్డ అంకె ఇది. ఆ కేసులోనే 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా సెర్చ్‌లో గూగుల్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమని తేల్చారు. సరే, మరి ఏం చేద్దాం అనే దగ్గరికి 2025 సెప్టెంబర్లో వచ్చాక, ఇంకొకణ్ణి రానివ్వని రకం ఒప్పందాలు వద్దన్నారు, డబ్బు ఇవ్వడాన్ని మాత్రం ఆపలేదు. మీరేమో కామెంట్లలో వీరమరణాలు పొందుతున్నారు, సేనాపతులిద్దరూ వెనకాల చెక్కులు రాసుకుంటున్నారు. ఒకడు ఇంకొకణ్ణి మూడేళ్లలో చంపేస్తాడట!

అసలు ఈ జోస్యాలన్నీ ఫీచర్ల పట్టిక మీద చెప్తారు చూశారూ, అక్కడ మండుతుంది నాకు. డీవీడీ తర్వాత సినిమా డిస్కుల కోసం పోటీపడ్డ హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే గుర్తున్నాయా? రెండిట్లోనూ నీలి లేజరే, రెండిట్లోనూ 1080పీ బొమ్మే. ఏది బాగుందని పేజీలకి పేజీలు వాదించుకున్నారు జనం. 2008 జనవరి 4న సినిమా కంపెనీ వార్నర్ బ్రదర్స్ ఇకమీదట బ్లూ-రే మాత్రమే అని ప్రకటించింది. ఫిబ్రవరి 19కి హెచ్‌డీ డీవీడీ వెనకున్న తోషిబా చేతులెత్తేసింది. నలభై ఆరు రోజులు, అంతే. బొమ్మ నాణ్యత గురించి వాదించినవాళ్ల వాదన ఇంకా పూర్తికాలేదనుకుంటా. మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫోన్ కూడా తక్కువ ర్యామ్‌లో నున్నగా నడిచేది. యాప్‌లు రాసేవాళ్లు రాలేదు, పోయింది. బయటివాళ్లు ఎవరు వచ్చి చేరుతున్నారు, లోపలివాళ్లు ఎంత తేలిగ్గా వెళ్లిపోగలరు: చూడాల్సినవి ఈ రెండే. మొదటిదాని గురించి అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు మాట్లాడతారు. రెండోదాని గురించి ఒక్కడూ నోరెత్తడు, ఎందుకంటే అందులో థంబ్‌నెయిల్‌కి పనికొచ్చేది ఏమీ లేదు.

వెళ్లిపోవడం ఎంత కష్టమో చెప్తా వినండి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వాట్సాప్ చాట్లు తీసుకెళ్లాలి. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా అనుకుంటారు. ఉంది, కానీ ఐఫోన్ వాట్సాప్ దాన్ని చదవదు. 2022లో ఇచ్చిన దారి 'మూవ్ టు ఐఓఎస్' యాప్. దానికి ఐఫోన్ కొత్తదై ఉండాలి, లేదా పూర్తిగా రీసెట్ చేసి ఉండాలి. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌కి పెట్టాలి, ఒకే వైఫైలో ఉండాలి, నంబర్ అదే ఉండాలి. ఐఫోన్ మీద కనిపించే కోడ్ ఆండ్రాయిడ్‌లో కొట్టాలి, ఏమేం పంపాలో అడిగే చోట వాట్సాప్ ఎంచుకోవాలి, అది డేటా సిద్ధం చేసుకునేదాకా ఆగాలి. ఇక్కడే మునుగుతారు అందరూ. కొత్త ఫోన్ చేతికొచ్చిన సంబరంలో ముందు సెటప్ చేసేసుకుంటారు, ఫొటోలు దింపుకుంటారు, బ్యాంకు యాప్‌లు పెట్టుకుంటారు, వారం తర్వాత చాట్లు గుర్తొస్తాయి. అప్పుడు మొత్తం చెరిపి మళ్ళీ మొదటినుంచి. ఇంత చేసినా కాల్ హిస్టరీ రాదు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వెళ్లేవాళ్ల కష్టం ఇంకో రకం. సిమ్ తీసే ముందే పాత ఐఫోన్‌లో ఐమెసేజ్ (ఐఫోన్ల మధ్య నడిచే ఆపిల్ సొంత మెసేజ్ సేవ) ఆపాలి, ఫేస్‌టైమ్ కూడా. మర్చిపోయారా, మీ నంబర్ ఇంకా ఆపిల్ లెక్కల్లో ఐమెసేజ్ నంబరే. ఐఫోన్లున్న స్నేహితులు పంపిన మెసేజ్‌లు మీకు రావు, పంపినవాళ్లకి అది తెలియకపోవచ్చు. పాత ఫోన్ అప్పటికే అమ్మేసి ఉంటే, నంబర్‌ని తొలగించే పేజీ ఒకటి ఆపిల్ సైట్‌లో ఉంది, నంబర్ ఇస్తే కోడ్ వస్తుంది, అది కొడితే సరి. ఆ పేజీ పెట్టింది 2014 నవంబర్లో. ఐమెసేజ్ వచ్చింది 2011లో. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఏం చేశారో ఆ దేవుడికే తెలియాలి. ఎస్ఎంఎస్‌కి బదులుగా వచ్చిన కొత్త మెసేజ్ పద్ధతి ఆర్‌సీఎస్ 2024 సెప్టెంబర్లో ఐఓఎస్ 18తో వచ్చింది కదా అంటారేమో. వచ్చింది. ఫొటోలు బురదబురదగా రావడం తగ్గింది, టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపిస్తున్నాయి. ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ మధ్య మెసేజ్‌ని దారిలో ఎవరూ చదవకుండా దాచే ఎన్‌క్రిప్షన్ మాత్రం అందులో లేకుండానే వచ్చింది. దానికి ప్రమాణం ప్రకటించడానికే 2025 మార్చి దాకా పట్టింది.

వాచీ సంగతి ఎత్తకండి. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్‌తో కలవదు. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4 నుంచి ఇటువైపూ ఐఫోన్‌కి తలుపు మూసేశారు. ఫోన్ మారిస్తే మణికట్టు కూడా మార్చాలన్నమాట.

ఇక ఫొటోలు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "టేక్‌అవుట్ ఉంది కదా" అని తేలిగ్గా అనేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. గూగుల్ దగ్గరున్న మన డేటాని దింపుకోవడానికి గూగుల్ పెట్టిన సేవే టేక్‌అవుట్, అందులో ఫొటోలు అడిగితే జిప్ ఫైళ్లుగా కోసి ఇస్తుంది. 2 జీబీ ముక్కలు ఎంచుకుంటే పదుల కొద్దీ ఫైళ్లు. ప్రతి ఫొటోకీ పక్కన ఒక జేసన్ ఫైలు, తేదీ, ఊరు, వివరణ అన్నీ అందులో. ఫొటో ఒక జిప్‌లో, దాని జేసన్ ఇంకో జిప్‌లో పడొచ్చు. ఫైలు పేరు పొడవైతే జేసన్ పేరు మధ్యలో తెగిపోతుంది, ఏది దేనిదో జతపడదు. కెమెరాతో తీసిన ఫొటోకి తేదీ దాని లోపలే ఉంటుంది కాబట్టి బతికిపోతారు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకి లోపల ఏమీ ఉండదు, అది పంపేటప్పుడే చెరిపేస్తుంది. కాబట్టి జేసన్ పోతే తేదీ పోయినట్టే. కొత్తచోట ఎక్కిస్తే పదేళ్ల కిందటి పెళ్లి ఫొటోలన్నీ జిప్ విప్పిన రోజే జరిగినట్టు కనిపిస్తాయి. చేయాల్సిందేమిటంటే, 50 జీబీ ముక్కలు ఎంచుకోండి, అన్ని జిప్‌లనీ ఒకే ఫోల్డర్లోకి విప్పండి, తర్వాతే ఫొటో లోపలి వివరాలు మార్చే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో జేసన్‌లోని తేదీల్ని ఫొటోల్లోకి ఎక్కించండి. ఒక్కో జిప్ విప్పి ఒక్కోసారి చేస్తే సగం జతలు దొరకవు. లైవ్ ఫొటోలు బొమ్మ ఒకటి, చిన్న వీడియో ఒకటిగా విడిపోతాయి, అదొక శాపం. ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌కే వెళ్తున్నట్టయితే 2024 జులై నుంచి నేరుగా పంపే ఏర్పాటు టేక్‌అవుట్‌లోనే ఉంది, ముందు ఐక్లౌడ్‌లో సరిపడా చోటు కొనుక్కోవాలి. చూశారా, బయటికి వెళ్లే దారిలో కూడా టికెట్ కౌంటరే.

అసలు ఫోన్లు నయం. వాటికి వెళ్లే దారి కష్టమైనా ఒకటంటూ ఉంది. నా కోపం ఎక్కువ ఉన్నది డబ్బులిచ్చి కొన్న వస్తువుని దూరం నుంచి చంపేసే పద్ధతి మీద. రివాల్వ్ అని ఇంట్లో స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే హబ్ ఒకటి ఉండేది, దాదాపు 300 డాలర్లు, "జీవితకాల" సేవ. ఆ కంపెనీని గూగుల్ చేతిలోని నెస్ట్ 2014లో కొంది, 2016 మే 15న సర్వర్ ఆపేసింది. జీవితకాలం ఎవరిదో ముందే అడిగి ఉండాల్సింది. చొక్కాకి తగిలించుకునే హ్యూమేన్ ఏఐ పిన్ అయితే ఇంకా ఘనం. 699 డాలర్లు, పైన నెలకి 24. ఫోన్‌ని అంతం చేస్తుందని 2024లో ఎంతమంది జోస్యం చెప్పారో! 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆగాయి, ఆస్తుల్ని హెచ్‌పీ 11.6 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఇంటర్నెట్ అక్కర్లేని పనులు ఇంకా జరుగుతాయి అన్నారు కంపెనీవాళ్లు, ఉదాహరణకి బ్యాటరీ ఎంతుందో చూసుకోవచ్చట. ఫోన్‌ని అంతం చేయడానికి వచ్చింది కదా, బ్యాటరీ శాతం చూపిస్తూ పోయింది.

కంపెనీ చావకపోయినా వస్తువు చావొచ్చు. 2025 మార్చి 9న, ఫోన్‌లోని వీడియోని టీవీ మీద చూపించే గూగుల్ డబ్బాలు, రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, ప్రపంచమంతా ఒక్కసారిగా మొరాయించాయి. హ్యాకింగ్ కాదు, ఏమీ కాదు. 2015లో చేసిన సర్టిఫికెట్‌కి పదేళ్ల గడువు, అది ఆ రోజు తీరింది. క్రోమ్‌కాస్ట్ నిజమైనదో కాదో ఫోన్ అడుగుతుంది, అది కాలం చెల్లిన కాగితం చూపిస్తుంది, ఫోన్ పొమ్మంటుంది. పాపం మంచి ఉద్దేశంతో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లు ఇంకా లోతుగా ఇరుక్కున్నారు, ఎందుకంటే మళ్ళీ సెటప్ చేయాలంటే కూడా ఆ కాగితమే కావాలి. కొన్ని రోజుల్లో అప్‌డేట్ వచ్చింది, బాగైంది. కానీ ఆ తేదీ పదేళ్లుగా ఆ డబ్బాలోనే రాసి ఉంది. ఇదే అసలైన భవిష్యత్ దర్శనం, దీనికి ఏ చిలకా అక్కర్లేదు.

విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14 అని ఎప్పుడో చెప్పేశారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్ అంటే విండోస్ 11కి అర్హత లేదు. శుభ్రంగా పనిచేసే కంప్యూటర్లు కాగితం మీద ముసలివైపోయాయి. మామూలు వాడకందార్లకి ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు, 2026 అక్టోబర్ 13 దాకా. ఆ తర్వాత? ఆ వీడియోలవాళ్లు దీని గురించి చెప్పరు. వాళ్లకి కొత్త లాప్‌టాప్ లింకు పెట్టుకునే పని ఉంటుంది.

సరే, కళ్ళజోళ్లు ఫోన్లని మింగేస్తాయి అనేదానికి కూడా జవాబు చెప్పేస్తా. మెటా 2025లో తెచ్చిన రే-బాన్ డిస్‌ప్లే 69 గ్రాములు, తెర ఒక్క కంటికే, బ్యాటరీ కలిపికొట్టి వాడితే ఆరు గంటలన్నది కంపెనీ మాటే. దానికి పక్కన ఫోన్ ఉండాల్సిందే. ముక్కు మీద ఎంత బరువు పెట్టొచ్చనేదానికి హద్దుంది, అంత బరువులో పట్టే బ్యాటరీకీ హద్దుంది. ఆపిల్ అయితే తలకి పెట్టుకునే విజన్ ప్రోకి 3,499 డాలర్లు తీసుకుని కూడా బ్యాటరీని తీగతో జేబులోకి తోసింది. కాబట్టి రాబోయే రెండు మూడేళ్లలో కళ్ళజోడు ఫోన్‌కి తోకే. ఆ తోక ఎంత ఆడాలో నిర్ణయించేది ఫోన్ తయారుచేసినవాడు: నోటిఫికేషన్ ఇస్తాడా, వెనకాల బ్లూటూత్ నడవనిస్తాడా, జవాబు పంపనిస్తాడా. అందుకే 2025 మార్చిలో యూరోపియన్ కమిషన్ ఆపిల్‌కి చెప్పాల్సొచ్చింది, బయటి వాచీలకి, హెడ్‌ఫోన్లకి కూడా ఆ తలుపులు తెరవమని.

నా అంచనా అడుగుతారా? గెలవడం, ఓడడం కాదు, ఈ రెండూ ఒకేలా తయారవుతాయి. ఒకవైపు ఆపిల్ యూరప్‌లో చట్టం తోస్తే 2024 మార్చిలో బయటి యాప్ స్టోర్లని ఒప్పుకుంది, మూతి ముడుచుకుని. ఇంకోవైపు 'స్వేచ్ఛ' అని గుండెలు బాదుకునే ఆండ్రాయిడ్‌లో, పేరు నమోదు చేసుకుని గుర్తింపు చూపించిన డెవలపర్ల యాప్‌లే మామూలు పద్ధతిలో ఎక్కేలా చేస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబర్లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలు. గోల అయ్యాక, తెలిసినవాళ్లకి వేరే దారి పెడతాం అన్నారు. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) పెట్టుకునే హక్కు కోసం ప్రాణాలిచ్చే భక్తులారా, మీ గుడికి కూడా గేటు కడుతున్నారు.

తర్వాతి తాళం పాస్‌కీలు, అంటే పాస్‌వర్డ్‌కి బదులు ఫోన్ దాచిపెట్టుకునే తాళంచెవులు, రాసిపెట్టుకోండి. పాస్‌వర్డ్ అయితే కాగితం మీద రాసుకుని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. పాస్‌కీ ఏ మేనేజర్‌లో (పాస్‌వర్డ్‌లు దాచే యాప్‌లో) పుట్టిందో అక్కడే ఉంటుంది, అది బయటికి వదిలితేనే కదులుతుంది. ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చుకునే పద్ధతిని ఇలాంటి లాగిన్ ప్రమాణాలు రాసే కంపెనీల ఫిడో కూటమి తయారుచేస్తోంది, ఐఓఎస్ 26లో ఆపిల్ ఆ ఏర్పాటు పెట్టింది, కానీ అవతలి యాప్ కూడా ఒప్పుకోవాలి. అందుకని ఈలోగా, ముఖ్యమైన ఖాతాలన్నిటికీ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండో పాస్‌కీ వేరే కంపెనీ మేనేజర్‌లోనో, యూఎస్‌బీ సెక్యూరిటీ కీలోనో చేసుకోండి. చాలా సైట్లు ఒకే ఖాతాకి ఒకటికంటే ఎక్కువ ఒప్పుకుంటాయి. రికవరీ కోడ్లు ఇస్తే ప్రింట్ తీసుకోండి, స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో పెట్టుకోకండి దయచేసి.