డయోడుకు సిద్ధాంతం ఉంది, హారన్‌కు లేదు

కారు బ్యాటరీ మార్చడం చిన్నపిల్లల పని అంటారు. అలాంటప్పుడు పిల్లలకే వదిలేయాల్సింది. ఎరుపేదో నలుపేదో వాళ్లకు తెలుసు.

పోయిన ఆదివారం కొత్త బ్యాటరీ, 10 నంబర్ స్పానర్ పట్టుకుని నేనే కిందికి దిగాను. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బోనెట్ ఎత్తితే చాలు, పిలవకుండానే సలహా మండలి సమావేశమవుతుంది. కోరం సమస్య ఎప్పుడూ లేదు. "ఏం కాదు సార్, పెట్టేయండి" అని ఏకగ్రీవంగా తీర్మానించారు. పెట్టేశాను. టప్‌మని ఒక మెరుపు. కాస్త పొగ. తలెత్తి చూస్తే మండలి లేదు. ఒకాయనకు పాల ప్యాకెట్ గుర్తొచ్చిందట, ఇంకొకాయనకు ఫోన్ వచ్చిందట.

నా తరఫు వాదన కూడా వినాలి. బ్యాటరీ మోడల్ చివర ఎల్ అనో ఆర్ అనో ఉంటుంది. ప్లస్ ఎడమవైపా కుడివైపా అని చెప్పడానికట. నేను లార్జ్, రెగ్యులర్ అనుకుని, డబ్బులు పోతే పోయాయని లార్జ్ తెచ్చాను. ఇంటికొచ్చాక ఏ వైరు ఏ టెర్మినల్‌కి అందితే దానికే తగిలించాను. ప్లస్ టెర్మినల్ కాస్త లావుగా చేస్తారు, మైనస్ క్లాంపు పొరపాటున దానికి ఎక్కకూడదని. నిజంగానే ఎక్కలేదు. సుత్తితో ఎక్కించాను.

పైగా ఒకప్పటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి మైనస్ బదులు ప్లస్‌నే బాడీకి ఎర్త్ చేసేవారు. ఆ లెక్కన నేను చేసింది తప్పు కాదు, ఓ 60 ఏళ్లు ఆలస్యం, అంతే.

ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పట్టుకుని వచ్చాడు. ముందు మెయిన్ ఫ్యూజు చూసి, "ఇది పోయింది సార్, అదృష్టవంతులు" అన్నాడు. వస్తువు పోతే అదృష్టమనే వృత్తి ఇదొక్కటే అనుకుంటా. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడులు ఉంటాయి. కరెంటును బ్యాటరీ వైపే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. బ్యాటరీని తిప్పి పెడితే వాటికి వెనకేదో ముందేదో తారుమారై, తలుపులు బార్లా తెరుస్తాయి. అంటే నేరుగా షార్టే. వందల ఆంపియర్లు దూసుకొస్తుంటే మెయిన్ ఫ్యూజు అడ్డం పడి కాలిపోయింది. ఏం జరిగినా కుర్చీ వదలని ఈ దేశంలో, కన్నుమూసి తెరిచేలోగా బాధ్యత వహించి తప్పుకున్న ఏకైక ఉద్యోగి అది. దానికి మనం చేసే సన్మానం తెలిసిందే. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పోతే 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెడతాం. అదీ లేకపోతే సిగరెట్ ప్యాకెట్‌లోని వెండి కాగితం చుడతాం. ఇక అది చచ్చినా పోదు. ఈసారి పోయేది వైరింగ్.

ఫ్యూజు మార్చి, బ్యాటరీ సరిగ్గా బిగించి స్టార్ట్ చేశాడు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు దాకా చూపించాలి. 12 చూపించి, అక్కడినుంచి మెల్లగా దిగుతోంది. ఫ్యూజు పోయేలోపే డయోడుల ప్లేటు కూడా పోయిందన్నమాట. ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మాత్రం బతికిందన్నాడు. దాని ధర కూడా చెప్పాడు, నేను కూర్చున్నాక.

హారన్, హాలోజన్ హెడ్‌లైట్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. వాటికి ప్లస్ మైనస్ పట్టింపు లేదట. కరెంటు ఎటునుంచి వచ్చినా ఇవి వెలుగుతాయి, అది అరుస్తుంది. ఏ ప్రభుత్వం వచ్చినా పదవిలో ఉండే నాయకుల్లాగా. డయోడుకు మాత్రం ఒక దిశ, ఒక సిద్ధాంతం ఏడ్చాయి. అందుకే పోయింది.

ఇన్సూరెన్స్ పాలసీ తీసి మొదటిసారి చదివాను. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ వర్తించదని ఉంది. సుత్తి గురించి ఏమీ లేదు.

వెళ్తూ వెళ్తూ అతను ఒక ముక్క చెప్పాడు: విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. బాడీ అంతా మైనస్సే కాబట్టి, అది తగిలించి ఉండగా ప్లస్ దగ్గర స్పానర్ జారి బాడీకి తగిలితే మళ్లీ మెరుపే. ఈ ముక్క మండలి సభ్యులందరికీ చెప్పాను. అందరూ తమకు ముందే తెలుసన్నారు.

నిన్న రెండో అంతస్తు ఆయన స్కూటర్ బ్యాటరీ విప్పాడు. అందులో రెండు టెర్మినళ్లూ ఒకే సైజు, సుత్తి అవసరం కూడా లేదు. అనుభవం ఉన్నవాణ్నని స్పానర్ నా చేతికే ఇచ్చారు.