లదాఖ్ చలి సంగతి తర్వాత, ముందు ఆదిలాబాద్ ఎండ సంగతి చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, బైక్ రైడింగ్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, లదాఖ్ వెళ్తున్నాం, ఏ జాకెట్ తీసుకోవాలి?" నిమిషంలో నలుగురు నాలుగు లింకులు పెడతారు. అన్నీ లోపల మందపాటి లైనింగ్‌తో, చూస్తేనే చెమట పట్టే జాకెట్లే. హైదరాబాద్‌లో బయల్దేరే మనిషి లేహ్ చేరేలోపు ఏమేం దాటాలో ఒక్కరూ అడగరు.

నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్. 44వ నంబరు జాతీయ రహదారి పొడుగునా ఇవే ఊళ్లు. మనాలీ నుంచి లేహ్ దారి తెరుచుకునేది మామూలుగా మే, జూన్ నెలల్లో. అంటే సరిగ్గా ఈ ఊళ్లు మాడిపోతూ, 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో. ఆ దారిలోని ఎత్తైన కనుమలు బారలాచా లా, తంగ్లంగ్ లా మీద చలి ఉండదని నేననను. తంగ్లంగ్ లా 5,300 మీటర్ల పైనే ఉంది. కానీ ఆ పాస్‌ల మీద మనం ఉండేది కాసేపు. వడగాలిలో ఉండేది రోజుల తరబడి.

అందుకే నేను ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. జాకెట్ ఎండని చూసి కొనండి, చలికి లోపల పొరలు వేసుకోండి. పడితే దెబ్బ ఆపే మంచి ప్యాడ్లున్న మెష్ (గాలి దూరే జాలీ గుడ్డ) జాకెట్ ఒకటి, లోపలికి థర్మల్ (ఒంటికి అంటిపెట్టుకునే చలి బనియన్), దాని మీదికి పల్చటి ఫ్లీస్ (ఉన్నిలాంటి మెత్తటి గుడ్డ చొక్కా), అన్నిటి పైన వేసుకునే రెయిన్‌కోట్. ఆ రెయిన్‌కోటే పైకి వెళ్లాక చలిగాలిని కూడా ఆపుతుంది. కింద వేడెక్కితే ఒక్కో పొరా తీసి బ్యాగులో పడేయొచ్చు. మందపాటి జాకెట్‌లో ఆ వీలు లేదు, దాన్ని తీస్తే ప్యాడ్లు కూడా పోతాయి.

ఇంకో రకం వాళ్లున్నారు. "ఈ ఎండలో జాకెట్టా, పిచ్చా?" అంటూ టీషర్టు మీద వెళ్లిపోతారు. గాలి తగిలితే చల్లగా ఉంటుందన్న లెక్క గాలి మన ఒంటికన్నా చల్లగా ఉన్నంతవరకే. చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. 44 డిగ్రీల గాలి ఎనభై కిలోమీటర్ల వేగంతో చేతులకు కొడుతుంటే ఒంట్లోకి వేడి ఎక్కుతుందే తప్ప దిగదు. చెమట పట్టిన క్షణానే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్న సంగతి కూడా తెలియదు. తల తిరిగాకే తెలుస్తుంది. మే నెలలో రోడ్డు పనిచేసే కూలీలను చూడండి, ఎవరైనా చేతులు బయటపెట్టి ఉంటారా? ఫుల్ చేతుల చొక్కా, తలకు తువ్వాలు. వాళ్లకి ఎవరూ వీడియో చేసి చెప్పలేదు.

పద్ధతి తేలికే. ధాబా దగ్గర కుళాయి కింద కాటన్ బనియన్, మెడకు కట్టుకునే గుడ్డ తడిపి, కొంచెం పిండి, పైన మెష్ జాకెట్ వేసుకుని జిప్ పెట్టుకోండి. మొదటి ఐదు నిమిషాలు ఏసీలో ఉన్నట్టే ఉంటుంది. నాగ్‌పూర్ దగ్గర అది అరగంట, ముప్పావుగంటలో ఆరిపోతుంది. ఆగండి, మళ్లీ తడపండి, ఓఆర్‌ఎస్ తాగండి. ఎండలో కాటన్ పనికొచ్చేది నీళ్లు పట్టుకుంటుంది కాబట్టే. అదే కారణంతో పైకి వెళ్లాక అది పనికిరాదు. తడిసిన జీన్స్, కాటన్ బనియన్ చలిలో వణికించి చంపుతాయి.

వాన గురించి. చాలా జాకెట్లకు లోపల తగిలించుకునే రెయిన్ లైనర్ ఇస్తారు. కంపెనీలు దీన్ని ఎందుకు గొప్పగా చెప్పుకుంటాయో నాకు అర్థం కాదు. చినుకులు మొదలయ్యాక రోడ్డు పక్కన జాకెట్ విప్పి, లోపల జిప్పులు వెతికి తగిలించుకోవాలి. తర్వాత కూడా బయటి గుడ్డ తడిసి బరువెక్కుతుంది, ఆ తడికి గాలి తగిలి ఒళ్లు చల్లబడుతుంది. పైన తొడుక్కునే రెయిన్‌కోట్, ప్యాంటుతో సహా, ఎంతో నయం. ప్యాంటు మాత్రం బూట్లు విప్పకుండా ఎక్కేంత వెడల్పుగా ఉండాలి, కొనేముందు షాపులోనే బూట్లతో తొడిగి చూడండి.

ఇక ప్యాడ్లు. లేబుల్ మీద "సీఈ" (యూరప్ ప్రమాణాల గుర్తు) అని ఉంటే సరిపోదు. మోచేతి, మోకాలి ప్యాడ్లకు ఈఎన్ 1621-1 అన్న యూరప్ ప్రమాణం ఉంది. దెబ్బ తగిలినప్పుడు ప్యాడ్ దాటి ఒంటికి చేరే బలం సగటున లెవెల్ 1లో 35 కిలోన్యూటన్ల లోపు, లెవెల్ 2లో 20 లోపు ఉండాలి. వీపు ప్యాడ్‌కి వేరే ప్రమాణం, 1621-2. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఉండేది వట్టి స్పాంజి ముక్క. జేబు తెరిచి చూస్తే చేతికే తెలిసిపోతుంది.

ప్యాడ్ ఎంత మంచిదైనా మోచేతి మీద ఉంటేనే కదా. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆడవాళ్ల సైజు అడిగితే షాపులో మగవాళ్ల స్మాల్ తెచ్చి ఇస్తారు, "అడ్జస్ట్ అయిపోతుంది మేడమ్" అంటారు. భుజాలు జారిపోయి, నడుం దగ్గర పట్టేసి, మోచేతి ప్యాడ్ ముంజేతి దగ్గర వేలాడుతుంటుంది. ఆడవాళ్ల కోసం తెప్పించిన ఒకటీ అరా ఉంటే వాటి మీద గులాబీ గీతలు. రంగు తర్వాత, ముందు కొలత చూడండయ్యా. బైక్ మీద కూర్చున్నట్టు చేతులు ముందుకు చాచి, మోచేతి ప్యాడ్ పట్టుకుని తిప్పి చూడండి. కదిలిందంటే ఆ జాకెట్ మీది కాదు.

సామాను విషయంలో నేను పరమ పిసినారిని. రాత్రి ఉతికితే పొద్దున్నకల్లా ఆరే పాలిస్టర్ టీషర్టులు రెండు, మూడు చాలు. బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్‌ని నమ్మొద్దు, హైవే వేగానికి గాలి దూరి బుడగలా ఉబ్బి ఎగిరిపోతుంది. మందపాటి ప్లాస్టిక్ సంచి బ్యాగు లోపల వేసి, బట్టలు అందులో పెట్టి మూతి మెలితిప్పండి. బ్యాగు తడవనీ, బట్టలు తడవవు. రెయిన్‌కోట్ అన్నిటికన్నా పైన ఉండాలి. ఫ్లైఓవర్ కింద నిలబడి బ్యాగులో ఉన్నవన్నీ బయటపడేసి దాన్ని వెతుక్కునే వాళ్లను చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు.

బరువైనవి, అంటే పానాలు, ట్యూబు, చైన్ ల్యూబ్, కిందా ముందుకూ ఉండాలి. వెనక చక్రం ఇరుసు దాటి వేలాడే టాప్ బాక్సులో ఇవన్నీ కుక్కితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. సైలెన్సర్ వైపు బ్యాగు ఎంత ఎడంగా ఉందో మనిషి ఎక్కి కూర్చున్నాక చూడాలి, ఖాళీ బైక్ మీద చూస్తే లాభం లేదు. కొక్కేల రబ్బరు తాళ్లు వద్దు, తెగి ఎగిరితే కంటికే తగులుతాయి. బకిల్ ఉన్న పట్టీలు వాడండి, మిగిలిన కొసలు మడిచి కట్టండి, లేకపోతే చైన్‌లోకి పోతాయి. బూటు లేసులు కూడా లోపలికి దోపుకోండి. సిగ్నల్ దగ్గర కాలు దింపబోతే లేసు గేర్ లివర్‌కి చిక్కుకుని, ఆగి ఉన్న బండితో పాటు పడిపోయేవాళ్లున్నారు.

డబ్బు తక్కువగా ఉంటే ముందు హెల్మెట్, తర్వాత గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, ఆ తర్వాతే జాకెట్. జీపీఎస్ మౌంటు, ఫాగ్ లైట్లు, స్టిక్కర్లు అన్నీ అయ్యాకే. ఇరవై వేల జాకెట్ వేసుకుని, వెనక కూర్చున్న భార్యకి రోడ్డు పక్కన మూడొందలకు కొన్న టోపీ లాంటి హెల్మెట్ పెట్టే మహానుభావులకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఐఎస్ఐ గుర్తుతో ఫుల్ ఫేస్ హెల్మెట్ ఆమెకి కొనేదాకా మీ జాకెట్ ఫొటోలు పెట్టి నా అభిప్రాయం అడగొద్దు.