‘తగినంత’ అంటే ఎంత?

ఏ రెసిపీ తీసి చూసినా నూనె ఎన్ని చెంచాలో, నీళ్లు ఎన్ని కప్పులో, పొయ్యి మీద ఎన్ని నిమిషాలుంచాలో లెక్కగా రాసి ఉంటుంది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘తగినంత’. రుచిని నిలబెట్టేదీ చెడగొట్టేదీ ఉప్పే కదా, దాన్ని తీసుకొచ్చి వండేవాళ్ల చేతికే వదిలేశారు. నాకైతే రెసిపీ మొత్తంలో నిజాయతీ ఉన్న మాట అదొక్కటే అనిపిస్తుంది. మనం కొన్న టమాటా ఎంత పుల్లగా ఉందో, మన గిన్నెలో నీళ్లు ఎంత ఇగిరాయో రాసినవాళ్లకు తెలిసే వీలే లేదు. అంతెందుకు, టీస్పూను సన్న ఉప్పు దాదాపు 6 గ్రాములు తూగుతుంది, పలుకుల ఉప్పు అదే స్పూనుతో తీస్తే అంతకంటే తక్కువే వస్తుంది.

కొలత పట్టి వండటం తప్పని నేననడం లేదు. 1896లో అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ తన వంట పుస్తకంలో కప్పును, చెంచాను అంచుకు సమంగా గీసి కొలవాలని గట్టిగా చెప్పి, ఆ పద్ధతిని ఇంటింటికీ చేర్చారు. అంతకుముందు పుస్తకాల్లో ‘కోడిగుడ్డంత వెన్న’ లాంటి మాటలుండేవి. పక్కన నిలబడి చెప్పే పెద్దవాళ్లు లేనివాళ్లు కూడా పుస్తకం చూసి వండుకోగలిగారంటే అది కొలతల పుణ్యమే. నా ఫిర్యాదల్లా ఒకటే. రెసిపీ ఏం చేయాలో చెబుతుంది, ఎందుకు చేయాలో చెప్పదు. అందుకే ఒక్క దినుసు లేకపోతే వంట ఆగిపోతుంది, టెన్షన్ మొదలవుతుంది.

ఉల్లిపాయల సంగతే చూడండి. ‘5 నిమిషాలు ఎర్రగా వేయించాలి’ అని రాస్తారు. 5 నిమిషాల్లో అవి మహా అయితే మెత్తబడి అద్దంలా మెరుస్తాయి, అంతే. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీరే, ఆ నీరు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రబడాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఆ ఎర్రబడే మార్పునే 1912లో మొదట వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరు మీద మెయిలార్డ్ చర్య అంటారు. ఈ ముక్క తెలిస్తే గడియారంతో పనిలేదు, చెవి చాలు. ముక్కలు వేయగానే చుయ్‌మంటూ పెద్ద చప్పుడు వస్తుంది, అది నీరు ఆవిరైపోతున్న చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు సన్నబడుతుంది, ఘాటు వాసన పోయి తియ్యటి వాసన మొదలవుతుంది, ముక్కల అంచులు రంగు తిరుగుతాయి. అక్కడి నుంచి గరిటె వదలకూడదు, ఎరుపుకూ మాడుకూ మధ్య దూరం చాలా తక్కువ. మొదట్లోనే చిటికెడు ఉప్పు వేస్తే నీరు తొందరగా బయటికి వచ్చి ముక్క త్వరగా మెత్తబడుతుంది. అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి గీకితే, అడుగున పట్టిన ఆ ఎరుపంతా రుచిగా మళ్లీ ముక్కల్లోకే చేరుతుంది. ఇవేవీ ‘5 నిమిషాలు’ అనే మాటలో పట్టవు.

రెసిపీ లేకుండా వండేవాళ్లను చూసి ‘వాళ్లది చేతి మహిమ’ అంటుంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు ప్రతి దినుసునూ అది చేసే పనిని బట్టి గుర్తుపెట్టుకుంటారు. నిమ్మకాయ లేదు, అయితే అది ఇక్కడ ఏం చేస్తోంది? పులుపు ఇస్తోంది. ఆ పని వెనిగర్ చేస్తుంది, టమాటా చేస్తుంది, పుల్లటి పెరుగూ చేస్తుంది, కాకపోతే పెరుగు పెద్ద మంట మీద విరిగిపోతుంది కాబట్టి మంట తగ్గించాకే వేయాలి. పులుపు ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. గింజలు సగం ఉడికాక ఒకసారి టమాటాలు వేసేశాను, ఆ తర్వాత గంటసేపు మరిగినా అవి మెత్తబడలేదు. కూరగాయల్ని, గింజల్ని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే అంత సులువుగా కరగదు, అందుకే పూర్తిగా ఉడికాకే పులుపు వేయాలి.

ఉప్పుకూ ఇలాంటి లెక్కే. గిన్నెలోది సగానికి ఇగిరితే ఉప్పు అంతే ఉంటుంది, రుచికి మాత్రం రెట్టింపు తగులుతుంది. ఇగరాల్సిన వాటిలో ముందే సరిపడా వేయకూడదు. ఎక్కువైందా, బంగాళాదుంప ముక్క వేస్తే అదే పీల్చేస్తుందనే మాట నమ్మొద్దు. దుంప తాగేది ఉప్పునీటిని, గిన్నెలో మిగిలిన నీటి ఉప్పదనం అలాగే ఉంటుంది. నీళ్లో, ఉప్పు లేని మరేదైనా కలిపి పలచన చేయడమే దారి.

అన్నిచోట్లా ఈ స్వేచ్ఛ పనికిరాదు. కేక్ ఒకసారి ఓవెన్‌లోకి వెళ్లాక రుచి చూసి సరిదిద్దే అవకాశం ఉండదు, అక్కడ పిండి, గుడ్లు, బేకింగ్ పౌడర్ తూకం ప్రకారమే పడాలి. ఎర్ర రాజ్మా గింజల్ని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో కనీసం 10 నిమిషాలు కళపెళా మరిగించాలి, లేకపోతే వాటిలోని లెక్టిన్ అనే విషపదార్థం వాంతులు పట్టిస్తుంది. వెల్లుల్లిని నూనెలో వేసి రోజుల తరబడి బయట ఉంచడం ఇంకా ప్రమాదం, గాలి తగలని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బాక్టీరియా పెరగొచ్చు. ప్రాణం మీదికొచ్చే చోట ఎందుకో తెలిసినా సరే, నియమం దాటకూడదు.

మిగతా చోట్ల మాత్రం నాలుకను నమ్మాలి. వండటం అయ్యాక ఒక్కసారి కాదు, మొదటి నుంచీ మధ్యమధ్యలో రుచి చూస్తూ ఉంటే ఏది ఎప్పుడు మారిందో తెలుస్తుంది. నిన్న రాత్రి ఫ్రిజ్‌లో సగం క్యాబేజీ, రెండు గుడ్లు, అర చెక్క నిమ్మకాయ తప్ప ఏమీ లేవు. క్యాబేజీని సన్నగా తరిగి, వెడల్పాటి పెనం బాగా వేడెక్కాక పలచగా పరిచి, కదపకుండా వదిలేశాను. ఒక వైపు ఎర్రబడ్డాక తిప్పి ఉప్పు వేసి, గుడ్లు కొట్టి పోశాను. నోట్లో వేసుకుంటే ఉప్పు సరిపోయింది గానీ చప్పగానే ఉంది. అలాంటప్పుడు మళ్లీ ఉప్పు మీదికే చేయి పోతుంది, నిజానికి అప్పుడు అడిగేది పులుపు. అర చెక్క నిమ్మరసం పిండి, ఇంకోసారి రుచి చూసి, పొయ్యి ఆపేశాను.