డిస్పెన్సరీకి దారి

మా మామయ్య పేపరు మిల్లులో పనిచేసినన్నాళ్లూ జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా వెళ్లింది ఈఎస్‌ఐ డిస్పెన్సరీకే. కాలిఫోర్నియాలో కొడుకు ఇంట్లో ఉండగా మోకాళ్లు పట్టేస్తే, ఎదురింటి ఆవిడను అడిగిందీ అదే: దగ్గరలో డిస్పెన్సరీ ఎక్కడుందని.

ఆవిడ ఆయన నుదుటి విభూతిని ఎగాదిగా చూసి, వీధి చివర ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న కొట్టు అని చెప్పింది. ప్లస్ గుర్తు అనగానే మామయ్య నిశ్చింతగా బయలుదేరారు.

ఆ రాష్ట్రంలో 2018 నుంచి పెద్దలు ఎవరైనా దుకాణానికి వెళ్లి గంజాయి కొనుక్కోవచ్చు. ఆ దుకాణం పేరే డిస్పెన్సరీ. కొడుకు ఈ సంగతి చెప్పలేదు. డెబ్బై దాటిన తండ్రికి ఏ కొడుకు మాత్రం చెబుతాడు?

గుమ్మం దగ్గర కాపలా మనిషి, 21 ఏళ్లు నిండినట్టు రుజువు చూపించమన్నాడు. మామయ్య మురిసిపోయి పాస్‌పోర్టు తీశారు. లోపల చీటీల కోసం తోపులాట లేదు, కసురుకునే కాంపౌండరు లేడు. ఒక కుర్రవాడు నవ్వుతూ ఎక్కడ నొప్పి, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ఆకలి ఎలా ఉంది అని ఓపిగ్గా అడిగాడు. మిల్లులో చేసినన్నాళ్లూ ఏ డాక్టరూ అన్ని ప్రశ్నలు వేసిన పాపాన పోలేదట. ఎండు మొగ్గలు చూపిస్తే వాసన చూసి, "ఆయుర్వేదమా?" అన్నారు. మూలికే అన్నాడు కుర్రవాడు. అందులో అబద్ధమేమీ లేదు. "మందు పోయించుకోవడానికి సీసా తెచ్చుకోలేదు, పరవాలేదా?" అని కూడా అడిగారు మామయ్య.

తీరా ధర చెప్పేసరికి ఆయనకు ఒళ్లు మండింది. డిస్పెన్సరీలో డబ్బులేమిటి! విసురుగా బయటికి వచ్చేశారు. ఆ పూట మా వంశ గౌరవాన్ని కాపాడింది ఆయన పిసినారితనమే.

కొడుకు విషయం విడమరచి చెప్పాక, ఎదురింట్లో పోయిన పరువు నిలబెట్టుకోవాలని అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లారు. తమది పద్ధతైన కుటుంబమనీ, పిల్లలిద్దరూ మంచి నర్సింగ్ హోమ్‌లోనే పుట్టారనీ చెప్పారు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మంచం పట్టిన ముసలివాళ్లను ఉంచే చోటు. ఆవిడ నోరు తెరుచుకుని అత్తయ్యను పైనుంచి కిందికి చూసింది.

తన పట్టుచీర నచ్చిందనుకుని, అత్తయ్య కొంగు విప్పి అంచు చూపించింది.