భయపెట్టిన నోటితోనే 'టెన్షన్ పడొద్దు'

గ్లకోమా (ఎక్కువగా కంటి లోపలి ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతిని చూపు మెల్లగా పోయే జబ్బు) అని తేలిన మనిషికి డాక్టరు గదిలో దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లోనే రెండు మాటలు చెవిన పడతాయి. 'పోయిన చూపు మళ్లీ రాదు' అన్నది మొదటిది. 'టెన్షన్ పడకండి, కంటికి మంచిది కాదు' అన్నది రెండోది. భయపెట్టిన నోటితోనే భయపడొద్దనడం ఏం వైద్యం?

రెండో మాట అబద్ధమేమీ కాదు. మనసు మీద ఒత్తిడి పెరిగితే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, కొందరిలో కంటి ప్రెషర్ కూడా పెరుగుతుంది. జర్మనీలోని మాగ్డెబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్న్‌హార్డ్ సాబెల్ బృందం 2018లో ఇలాంటి పరిశోధనలన్నీ ఒకచోట చేర్చింది. చూపు పోతే ఒత్తిడి రావడమే కాదు, ఒత్తిడి వల్ల చూపు కూడా దెబ్బతింటుందని వాదించింది. అదే ఏడాది వెలువడిన ఢిల్లీ ఎయిమ్స్ అధ్యయనంలో 90 మంది గ్లకోమా రోగులు పాల్గొన్నారు. వారిలో 21 రోజులు ధ్యానం చేసినవాళ్లకు కంటి ప్రెషర్, కార్టిసాల్ రెండూ తగ్గాయి. (చుక్కల మందు మానేసి ధ్యానం చాలనేవాళ్లు గమనించాలి, అక్కడ ఎవరూ మందు మానలేదు.) డాక్టరు మాట తీరు కూడా రోగి ఒత్తిడిని పెంచగలదని సాబెల్ బృందమే చెప్పింది. ఆ ముక్క మాత్రం ఎవరికీ గుర్తుండదు.

చూపు ఎంత మేర మిగిలిందో కొలిచే విజువల్ ఫీల్డ్ టెస్టు సంగతే చూడండి. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, ఎదురుగా వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలా చుక్కలు కనీకనిపించనంత మసగ్గానే వేస్తారు. చూపు బాగున్నవాళ్లకు కూడా దాదాపు సగం కనబడవు. ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు ఎందరు? చుక్క రాని ప్రతి క్షణం 'ఇదీ పోయిందా' అనుకుంటూ, చెమట పట్టిన వేలు బటన్ మీద ఉంచి రోగులు కూర్చుంటారు. చివరికి నల్ల మచ్చల కాగితం చేతిలో పెట్టి ఆరు నెలల తర్వాత రమ్మంటారు. టెన్షన్ పడొద్దని కూడా అంటారు.

కంటి వెనక ఉండే రెటీనా పొర కింద నీరు చేరే జబ్బు మరొకటుంది. నడి వయసు మగవాళ్లలో ఎక్కువ. చూపు మధ్యలో మసక మచ్చ, తిన్నని గుమ్మం అంచు వంకరగా కనిపించడం దీని లక్షణాలు. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. దీనికి ఒత్తిడితోనే కాదు, స్టిరాయిడ్లతో కూడా సంబంధం ఉంది. అయినా 'స్ట్రెస్ ఎక్కువైంది' అని తప్పు రోగి మీదికి తోసేసేవాళ్లలో, స్టిరాయిడ్లు ఉండే ఉబ్బసం పీల్చే మందు, చర్మానికి రాసే క్రీము లాంటివి వాడుతున్నారా అని అడిగేదెందరు?

రద్దీ ఎక్కువ, టైం లేదు, ఒత్తిడే కారణమని ఇంకా పూర్తిగా రుజువు కాలేదు అని వైద్యులు అంటారు. కావచ్చు. అయితే రోగికి సలహా ఇవ్వడానికి సరిపోయిన రుజువు, తమ మాట తీరు మార్చుకోవడానికి మాత్రం చాలదా?

సకాలంలో గుర్తించి మందు సరిగా వాడితే గ్లకోమా ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి జీవితాంతం పనికొచ్చే చూపు మిగులుతుంది. ఈ వాక్యం చెప్పడానికి పది సెకన్లు పట్టదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ టెన్షన్ పడొద్దని చెప్పే తీరిక ఉన్నవారికి, ఆ పది సెకన్లే కరువయ్యాయా?